జావా టెస్టుల్లో "యాంబిగ్యుయస్" ఎర్రర్: కంపైలర్‌కి ఎక్కడ తేలడం లేదు?

అసర్ట్‌ఈక్వల్స్(3, ఆర్డర్.గెట్‌కౌంట్()) అని టెస్ట్‌లో ఒక లైన్ రాశాం అనుకుందాం. గెట్‌కౌంట్ తిరిగిచ్చేది లాంగ్ ఆబ్జెక్ట్. చూడ్డానికి ఏ వంకా లేని లైన్. కానీ జావా టెస్టులు రాసే లైబ్రరీ అయిన జేయూనిట్ 4లో ఇది కంపైల్ కాదు. అసర్ట్‌ఈక్వల్స్ అనే పిలుపు యాంబిగ్యుయస్‌గా, అంటే ఏ మెథడో తేలకుండా ఉందనీ, లాంగ్, లాంగ్ తీసుకునే మెథడూ ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్ తీసుకునే మెథడూ రెండూ సరిపోతున్నాయనీ చెప్పి కంపైలర్ ఆగిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసే పని, చేతికందిన కాస్ట్ (విలువని ఏ టైప్‌గా చూడాలో చెప్పే గుర్తు) ఒకటి తగిలించి ఎర్ర గీత పోయిందా లేదా అని చూడటం. గీత పోతుంది. కానీ ఏ కాస్ట్ పెట్టామన్న దాన్ని బట్టి టెస్ట్ సరిగ్గా పనిచేయొచ్చు, ఎప్పటికీ ఫెయిల్ అవుతూనే ఉండొచ్చు, లేదా నల్ వచ్చిన రోజున అర్థం కాని చోట పేలొచ్చు. అందుకే కంపైలర్ మెథడ్‌ని ఎలా ఎంచుకుంటుందో ఒకసారి కుదురుగా తెలుసుకోవాలి. అది తెలిస్తే ఈ జాతి ఎర్రర్లన్నీ ఒకే తాళంచెవికి తెరుచుకుంటాయి.

ముందు ఒక మాట. జావాలో చిన్నక్షరంతో మొదలయ్యే లాంగ్ వేరు, పెద్దక్షరంతో మొదలయ్యే లాంగ్ వేరు. మొదటిది ప్రిమిటివ్, రెండోది ఆబ్జెక్ట్. ఈ వ్యాసంలో వాటిని చిన్న లాంగ్, పెద్ద లాంగ్ అంటాను. డబుల్‌కీ, షార్ట్‌కీ ఇదే పద్ధతి. ఇంట్, ఇంటిజర్‌లకి పేర్లే వేరు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

మూడు విడతల ఎంపిక

ఒకే పేరుతో చాలా మెథడ్లు (వీటినే ఓవర్‌లోడ్లంటారు) ఉన్నప్పుడు కంపైలర్ మూడు విడతలుగా వెతుకుతుంది. జావా లాంగ్వేజ్ స్పెసిఫికేషన్‌లో 15.12.2 సెక్షన్ అంతా ఈ సంగతే.

మొదటి విడతలో బాక్సింగ్ (ప్రిమిటివ్‌ని ఆబ్జెక్ట్‌గా చుట్టడం) ఉండదు, అన్‌బాక్సింగ్ (ఆబ్జెక్ట్ నుంచి ప్రిమిటివ్‌ని తీయడం) ఉండదు, వేరార్గ్స్ (ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా తీసుకునే పారామీటర్లు) ఉండవు. ఇంట్ నుంచి చిన్న లాంగ్‌కి పెరగడం, సబ్‌క్లాస్ నుంచి సూపర్‌క్లాస్‌కి వెళ్లడం మాత్రమే కుదురుతాయి. ఈ విడతలో ఒక్క మెథడ్ సరిపోయినా వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది, తర్వాతి విడతల వైపు చూడనే చూడదు. ఏదీ దొరక్కపోతే రెండో విడత. ఇందులో బాక్సింగ్, అన్‌బాక్సింగ్ కూడా కలుస్తాయి. అప్పటికీ దొరక్కపోతే మూడో విడతలో వేరార్గ్స్ లెక్కలోకి వస్తాయి. 2004లో జావా 5తో బాక్సింగ్, వేరార్గ్స్ వచ్చాయి. అంతకుముందు రాసిన కోడ్ అర్థం మారిపోకూడదనే కొత్త మార్పిడులని ఇలా వెనక విడతల్లో పెట్టారు.

ఒక విడతలో రెండు మూడు మెథడ్లు సరిపోతే వాటిలో ఏది మరింత నిర్దిష్టమైనదో చూస్తుంది. ఒక మెథడ్‌కి వెళ్లగలిగిన విలువలన్నీ రెండో మెథడ్‌కి కూడా వెళ్లగలిగితే, మొదటిదే నిర్దిష్టం. స్ట్రింగ్ తీసుకునేది ఆబ్జెక్ట్ తీసుకునేదాని కంటే నిర్దిష్టం. చిన్న లాంగ్ తీసుకునేది చిన్న డబుల్ తీసుకునేదాని కంటే నిర్దిష్టం. మరి చిన్న లాంగ్‌కీ ఆబ్జెక్ట్‌కీ మధ్య? ప్రిమిటివ్ టైప్ ఆబ్జెక్ట్‌కి సబ్‌టైప్ కాదు, ఆబ్జెక్ట్ ప్రిమిటివ్‌కి సబ్‌టైప్ కాదు. పోలికే లేదు. యాంబిగ్యుయస్ ఎర్రర్ పుట్టేది సరిగ్గా ఇక్కడే.

ఇప్పుడు మన లైన్‌కి వద్దాం. జేయూనిట్ 4లో రెండు ఆర్గ్యుమెంట్ల అసర్ట్‌ఈక్వల్స్ ఉన్నవి ఆబ్జెక్ట్ జత, చిన్న లాంగ్ జత, చిన్న డబుల్ జత, ఆబ్జెక్ట్ అరే జత. ఇంట్ జతకి ప్రత్యేకంగా ఏదీ లేదు. మనమిచ్చింది ఇంట్, పెద్ద లాంగ్. మొదటి విడతలో ఆబ్జెక్ట్ జత కుదరదు, ఎందుకంటే 3ని బాక్స్ చేయాలి. లాంగ్ జతా కుదరదు, ఎందుకంటే రెండోదాన్ని అన్‌బాక్స్ చేయాలి. రెండో విడతలో రెండూ కుదిరిపోతాయి, డబుల్ జతతో సహా. లాంగ్ జత డబుల్ జతని నెట్టేస్తుంది గానీ ఆబ్జెక్ట్ జతతో తేలదు. కంపైలర్ ఊహించి ఒకటి ఎంచుకోదు, మనల్నే అడుగుతుంది.

రెండు వైపులా పూర్ణాంక ప్రిమిటివ్‌లే ఉంటే మొదటి విడతలోనే లాంగ్ జత దొరుకుతుంది. రెండు వైపులా ఆబ్జెక్ట్‌లే ఉంటే మొదటి విడతలోనే ఆబ్జెక్ట్ జత దొరుకుతుంది. ఒకవైపు అంకె ప్రిమిటివ్, మరోవైపు అంకె బాక్స్ ఉన్నప్పుడే చిక్కు. క్యారెక్టర్‌తోనూ ఇంతే: చిన్న క్యార్ చిన్న లాంగ్‌గా పెరగగలదు కాబట్టి, 'అ' అనే అక్షరాన్ని క్యారెక్టర్ ఆబ్జెక్ట్‌తో పోల్చినా ఇదే ఎర్రర్. బూలియన్‌కి మాత్రం ఈ బాధ లేదు. బూలియన్ ఏ అంకె టైప్‌లోకీ మారదు కాబట్టి అసర్ట్‌ఈక్వల్స్(ట్రూ, బాక్స్ చేసిన బూలియన్) అంటే ఆబ్జెక్ట్ జత ఒక్కటే మిగులుతుంది, హాయిగా కంపైల్ అవుతుంది. అలాగే రెండోవైపు టైప్ ఉత్త ఆబ్జెక్ట్ అని డిక్లేర్ అయి ఉన్నా తగాదా లేదు, ఆబ్జెక్ట్‌ని చిన్న లాంగ్‌గా అన్‌బాక్స్ చేసే దారి మెథడ్ పిలుపులో ఉండదు.

ఏ వైపు మార్చాలి?

మార్గాలు రెండు. ఒకటి, వచ్చిన విలువని ప్రిమిటివ్‌కి దించడం: ఆర్డర్.గెట్‌కౌంట్().లాంగ్‌వేల్యూ() అని రాస్తే రెండూ ప్రిమిటివ్‌లే. రెండు, ఆశించే విలువని పైకెత్తడం: లాంగ్.వేల్యూఆఫ్(3) అని రాస్తే రెండూ ఆబ్జెక్ట్‌లే.

నేను రెండోదానికే ఓటు వేస్తాను. కారణం నల్. గెట్‌కౌంట్ పొరపాటున నల్ ఇచ్చిందనుకోండి. మొదటి పద్ధతిలో లాంగ్‌వేల్యూ దగ్గరే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ లేస్తుంది. టెస్ట్ రిపోర్ట్‌లో అది అసర్షన్ ఫెయిల్యూర్‌గా కాక ఎర్రర్‌గా పడుతుంది, ఆశించిన విలువ ఏమిటో కూడా కనిపించదు. రెండో పద్ధతిలో ఆశించింది 3, వచ్చింది నల్ అని ఒక్క లైన్‌లో తెలుస్తుంది. చూసేవాడికి కావాల్సింది ఆ లైనే. విలువ నల్ అయ్యే అవకాశమే లేదని టైప్‌ని బట్టి ఖాయంగా తెలిస్తే మొదటి పద్ధతీ తప్పు కాదు.

చేయకూడనిది ఒకటుంది. ఎర్రర్ పోగొట్టడానికి 3కి ముందు ఆబ్జెక్ట్ అని కాస్ట్ పెట్టడం. అది కంపైల్ అవుతుంది, కానీ 3 ఇంట్ కాబట్టి ఇంటిజర్‌గా బాక్స్ అవుతుంది. ఇంటిజర్ 3, లాంగ్ 3 ఈక్వల్స్ దగ్గర ఎన్నటికీ సమానం కావు. లాంగ్ క్లాస్‌లోని ఈక్వల్స్ మెథడ్ ముందు చూసేది అవతలిది కూడా లాంగేనా అని. అప్పుడు జేయూనిట్ 4 మెసేజ్‌లో జావా.ల్యాంగ్.ఇంటిజర్<3> ఆశించాం, జావా.ల్యాంగ్.లాంగ్<3> వచ్చింది అని కనిపిస్తుంది. రెండువైపులా ఒకే అంకె ఉండి టెస్ట్ ఫెయిల్ అయితే విలువల వంక చూడకండి, క్లాస్ పేర్ల వంక చూడండి. మామూలుగా జేయూనిట్ క్లాస్ పేరు చూపించదు. రెండు విలువలూ అక్షరాల్లో ఒకేలా కనిపించినప్పుడే చూపిస్తుంది.

దశాంశాల సంగతి కొంచెం వేరు. 0.5ని పెద్ద డబుల్‌తో పోల్చినా యాంబిగ్యుయస్ ఎర్రర్ వస్తుంది. ఇక్కడ మందు కాస్ట్ కాదు, మూడో ఆర్గ్యుమెంట్ అయిన డెల్టా. 0.001 లాంటి తేడా ఇవ్వగానే మూడు చిన్న డబుల్‌లు తీసుకునే మెథడ్ ఒక్కటే సరిపోతుంది, చిక్కు విడిపోతుంది, పోలిక కూడా సరైన తీరులో జరుగుతుంది. కాస్ట్‌తో రెండింటినీ చిన్న డబుల్‌లు చేశారంటే జేయూనిట్ 4లో అంతకంటే చెడ్డ చోట పడతారు. డెల్టా లేని డబుల్ జత మెథడ్‌ని డెప్రికేట్ చేశారు, అది విలువలు చూడకుండానే ఫెయిల్ చేసి డెల్టా ఉన్నది వాడమని చెబుతుంది.

జేయూనిట్ 5లో ఎంత తగ్గింది, ఏం మిగిలింది

జేయూనిట్ 5లో టెస్టులు రాసే భాగమైన జుపిటర్‌లో బూలియన్ తప్ప ప్రతి ప్రిమిటివ్‌కీ వేరువేరు అసర్ట్‌ఈక్వల్స్ ఉన్నాయి. 5.4 వెర్షన్‌లో ఇంట్‌తో ఇంటిజర్, ఇంటిజర్‌తో ఇంట్, ఇంటిజర్‌తో ఇంటిజర్ లాంటి మిశ్రమ జతలు కూడా చేర్చారు. దాంతో పైన చెప్పిన మన మొదటి లైన్ జుపిటర్‌లో మార్పేమీ లేకుండా కంపైల్ అవుతుంది. చిన్న లాంగ్, పెద్ద లాంగ్ జత మొదటి విడతలోనే సరిపోతుంది, ఎందుకంటే ఇంట్ చిన్న లాంగ్‌గా పెరగడానికి బాక్సింగ్ అక్కర్లేదు.

అయినా అన్నీ పోలేదు. 3కి ఎల్ తగిలించి చిన్న లాంగ్ చేసి, దాన్ని ఇంటిజర్‌తో పోల్చి చూడండి. మొదటి విడతలో ఏదీ కుదరదు, రెండో విడతలో మళ్లీ లాంగ్ జత, ఆబ్జెక్ట్ జత తగువులాడుకుంటాయి. పెద్ద షార్ట్, పెద్ద బైట్ ఇచ్చే గెట్టర్లదీ ఇదే దారి. మెథడ్ పిలుపులో 3 అనే అంకె తనంతట తాను షార్ట్‌గా కుదించుకోదు. వేరియబుల్‌కి విలువ ఇచ్చేటప్పుడు ఆ వెసులుబాటు ఉంది, ఆర్గ్యుమెంట్‌గా పంపేటప్పుడు లేదు. కాబట్టి అక్కడ షార్ట్ అని కాస్ట్ రాయక తప్పదు.

మిశ్రమ జతలు తెచ్చిన కొత్త ఇబ్బంది ఒకటుంది. అసర్ట్‌ఈక్వల్స్(నల్, నల్) లాంటి పిలుపు ఇప్పుడు తేలదు. ఇంటిజర్ జత, లాంగ్ జత, క్యారెక్టర్ జత అన్నీ నల్‌ని తీసుకుంటాయి, వాటిలో ఏదీ మరోదాని కంటే నిర్దిష్టం కాదు. నల్ ఆశిస్తున్నప్పుడు అసర్ట్‌నల్ వాడండి. దానికి ఓవర్‌లోడ్ తగాదా లేదు, చదివేవాళ్లకీ ఉద్దేశం తెలుస్తుంది. మెసేజ్ స్థానంలో నల్ పంపినా ఇదే గొడవ, అక్కడ స్ట్రింగ్ తీసుకునేదీ సప్లయర్ (అడిగినప్పుడు విలువ ఇచ్చే ఆబ్జెక్ట్) తీసుకునేదీ రెండూ ఉన్నాయి.

నాలుగు నుంచి అయిదుకి మారుతున్న ప్రాజెక్టుల్లో ఇంకో తరహా కనబడుతుంది. ఒకే ఫైల్‌లో పాత అసర్ట్ క్లాస్‌నీ కొత్త అసర్షన్స్ క్లాస్‌నీ నక్షత్రం గుర్తుతో స్టాటిక్ ఇంపోర్ట్ చేస్తే, రెండింట్లోనూ ఒకే సిగ్నేచర్ ఉన్న మెథడ్లు వచ్చి చేరతాయి. అప్పుడు ఏ కాస్ట్ పెట్టినా ప్రయోజనం లేదు. ఎర్రర్ మెసేజ్‌లో రెండు మెథడ్ల పేర్ల పక్కన ఉన్న క్లాస్ పేర్లు చూడండి. అవి వేరువేరు క్లాసులైతే సమస్య టైపుల్లో లేదు, ఇంపోర్టుల్లో ఉంది. పాత ఇంపోర్ట్ తీసేయండి. తీసేశాక ఒక పని మరవొద్దు: మెసేజ్ ఉన్న ప్రతి అసర్షన్ చూడండి. పాతదాంట్లో మెసేజ్ మొదటి ఆర్గ్యుమెంట్, కొత్తదాంట్లో చివరిది. పోల్చే రెండూ స్ట్రింగ్‌లైతే పాత వరుస కొత్త మెథడ్‌లో నోరెత్తకుండా కంపైల్ అవుతుంది, మెసేజ్‌ని ఆశించిన విలువతో పోలుస్తుంది. అసర్ట్‌నాట్‌ఈక్వల్స్‌లో అయితే మరీ ప్రమాదం, అది ఎప్పుడూ పాస్ అవుతుంది.

టెస్టులకి నకిలీ ఆబ్జెక్టులు తయారుచేసే మాకిటోకి, పోలికలు రాసే హామ్‌క్రెస్ట్‌కి మధ్య కూడా ఈ ఇంపోర్ట్ గొడవ ఉంది. క్లాస్ తీసుకునే ఎనీ అనే మెథడ్ రెండింట్లోనూ ఉంది. నక్షత్రం ఇంపోర్ట్‌లు మానేసి, కావాల్సిన పేర్లు ఒక్కొక్కటిగా ఇంపోర్ట్ చేసుకుంటే ఇది తలెత్తదు. మాకిటో తన మ్యాచర్స్ క్లాస్‌కి 2వ వెర్షన్‌లో ఆర్గ్యుమెంట్‌మ్యాచర్స్ అని పేరు మార్చింది కూడా హామ్‌క్రెస్ట్‌తో పేరు తగాదా తగ్గించడానికే.

టైప్ తెలియని విలువలు: జావా 8 తెచ్చిన చిక్కు

2014లో జావా 8 వచ్చినప్పుడు టైప్ ఇన్ఫరెన్స్ (రాయని టైప్‌ని కంపైలరే తేల్చుకోవడం) బాగా తెలివి మీరింది. తిరిగిచ్చే టైప్‌ని పిలిచేవాళ్లకే వదిలేసే జెనరిక్ మెథడ్లు ఉంటాయి, ఏ టైప్ కావాలంటే ఆ టైప్ ఇస్తానన్నట్టు. జేసన్ డేటాలోంచి విలువలు తీసే జేసన్‌పాత్ లైబ్రరీలోని రీడ్ అలాంటిదే. దాన్ని వేరే మెథడ్‌కి ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే, జావా 7లో దాని టైప్ ఆబ్జెక్ట్‌గా స్థిరపడేది. జావా 8 నుంచి ఆ మెథడ్ ఏ టైప్ ఆశిస్తే ఆ టైప్‌గా ఒదిగిపోతుంది.

అందువల్ల అసర్ట్‌ఈక్వల్స్(5, జేసన్‌పాత్.రీడ్(...)) అనే లైన్ జావా 7లో కంపైల్ అయి, 8కి మారగానే యాంబిగ్యుయస్ అవుతుంది. రీడ్ ఇచ్చేది లాంగ్ కావచ్చు, ఆబ్జెక్ట్ కావచ్చు, రెండు మెథడ్లూ సరిపోతాయి. జుపిటర్‌కి మారినా తప్పదు. అక్కడ ఇంట్, ఇంటిజర్ జతా చిన్న లాంగ్, పెద్ద లాంగ్ జతా రెండూ పోటీకి నిలుస్తాయి.

దీనికి మందు టైప్‌ని ముందే ఖాయం చేయడం. పిలుపుకి ముందు <ఇంటిజర్> అని రాసి జేసన్‌పాత్.<ఇంటిజర్>రీడ్(...) అనొచ్చు, లేదా ముందు లైన్‌లో ఒక వేరియబుల్‌కి తీసుకోవచ్చు. వేరియబులే మేలు. అయితే జేయూనిట్ 4 వాడుతుంటే ఆ వేరియబుల్‌ని ఇంటిజర్‌గా డిక్లేర్ చేస్తే మొదటికొస్తుంది: 5 ఇంట్, వేరియబుల్ ఇంటిజర్, మళ్లీ అదే ఎర్రర్. దాన్ని ఇంట్‌గా డిక్లేర్ చేయండి, లేదా 5ని ఇంటిజర్.వేల్యూఆఫ్(5) చేయండి. <ఇంటిజర్> అని పిలుపులోనే రాసినా ఇదే జాగ్రత్త.

ఎర్రర్ వచ్చిన చోటు నయం. ఎర్రర్ రాకుండా తప్పు మెథడ్ ఎంపికైన చోటే అసలు ప్రమాదం. జుపిటర్ అసర్ట్‌ట్రూకి బూలియన్ తీసుకునేది ఉంది, బూలియన్‌సప్లయర్ తీసుకునేదీ ఉంది. పైలాంటి జెనరిక్ పిలుపుని నేరుగా అసర్ట్‌ట్రూలో పెడితే మొదటి విడతలో బూలియన్‌సప్లయర్ గెలుస్తుంది, ఎందుకంటే దానికి అన్‌బాక్సింగ్ అక్కర్లేదు. కంపైల్ అవుతుంది. రన్ చేయగానే బూలియన్‌ని బూలియన్‌సప్లయర్‌గా మార్చలేమంటూ క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్. స్ట్రింగ్.వేల్యూఆఫ్‌లో పెట్టినా అంతే: క్యార్ అరే తీసుకునేది ఆబ్జెక్ట్ తీసుకునేదాని కంటే నిర్దిష్టం కాబట్టి అది ఎంపికై, రన్‌టైమ్‌లో కాస్ట్ విఫలమవుతుంది. కోడ్‌లో ఎక్కడా మీరు రాయని క్లాస్ పేరుతో క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ వస్తే ముందు అనుమానించాల్సింది ఈ ఓవర్‌లోడ్ ఎంపికనే.

అసర్ట్‌జే అనే మరో అసర్షన్ లైబ్రరీలో అసర్ట్‌దట్‌కి డజన్ల కొద్దీ ఓవర్‌లోడ్లున్నాయి కాబట్టి అక్కడ ఈ బాధ ఇంకా ఎక్కువ. జెనరిక్ పిలుపుని ముందు వేరియబుల్‌కి తీసుకోవడమే అక్కడా మందు. ఒకే క్లాస్ రెండు మూడు ఇంటర్‌ఫేస్‌లని అమలు చేసి, ఒక్కో దానికీ ఒక్కో అసర్ట్‌దట్ ఉండి తేలకపోతే అసర్ట్‌దట్‌ఆబ్జెక్ట్ లాంటి పేరుగల మెథడ్లు వాడండి. వాటిని పెట్టిందే ఇలాంటి సందర్భాల కోసం.

మాకిటోలో ఎనీ

రిపో అనే నకిలీ ఆబ్జెక్ట్ మీద సేవ్‌ని పిలిచారా అని చూడటానికి వెరిఫై(రిపో).సేవ్(ఎనీ()) అని రాస్తాం. సేవ్‌కి ఆర్డర్ తీసుకునేది ఒకటి, ఆర్డర్ల లిస్ట్ తీసుకునేది ఒకటి ఉన్నాయి. ఎనీ కూడా ఏ టైప్‌గానైనా ఒదిగే జెనరిక్ మెథడే. ఫలితం అదే ఎర్రర్. ఎనీ(ఆర్డర్.క్లాస్) అని రాయండి, లిస్ట్ కావాలంటే ఎనీలిస్ట్() రాయండి.

ఈ మార్పుతో అర్థం కొంచెం మారుతుందని గుర్తుంచుకోండి. మాకిటో 2 నుంచి ఎనీ() నల్‌ని కూడా ఒప్పుకుంటుంది, ఎనీ(ఆర్డర్.క్లాస్) ఒప్పుకోదు. ఎనీస్ట్రింగ్ కూడా ఒప్పుకోదు. స్టబ్ చేసిన (ఏం తిరిగివ్వాలో ముందే చెప్పిపెట్టిన) మెథడ్ ఉన్నట్టుండి నల్ ఇస్తోందంటే, లోపల ఎవరో నల్ పంపిస్తున్నారేమో చూడండి. నల్ రావడం కూడా సబబే అయితే నల్లబుల్(ఆర్డర్.క్లాస్) వాడండి. కచ్చితంగా నల్‌నే పట్టుకోవాలంటే ఈజ్‌నల్() ముందు టైప్ కాస్ట్ పెట్టండి, అది కూడా ఎనీ లాగే ఒదిగిపోయే రకం.

అందరికీ ఎదురయ్యేది స్ప్రింగ్‌లో హెచ్‌టీటీపీ పిలుపులకి వాడే రెస్ట్‌టెంప్లేట్ ఎక్స్‌ఛేంజ్. దానికి అడ్రస్ స్ట్రింగ్‌గా తీసుకునేవి, యూఆర్‌ఐగా తీసుకునేవి, క్లాస్ తీసుకునేవి, పారామీటరైజ్డ్‌టైప్‌రెఫరెన్స్ తీసుకునేవి, చివర్లో మ్యాప్‌తో ఒకటి, వేరార్గ్స్‌తో ఒకటి ఉన్నాయి. నాలుగు చోట్లా ఎనీ() పెడితే తేలే దారే లేదు. ఎనీస్ట్రింగ్(), ఈక్యూ(హెచ్‌టీటీపీమెథడ్.గెట్), ఎనీ(హెచ్‌టీటీపీఎంటిటీ.క్లాస్), ఈక్యూ(ఆర్డర్.క్లాస్) అని రాస్తే ఒక్కటే మిగులుతుంది. పైగా టెస్ట్ మరింత బిగుతుగా అవుతుంది: గెట్ బదులు పోస్ట్ పంపితే పట్టుబడుతుంది. యాంబిగ్యుయస్ ఎర్రర్ మనకి చేసే మేలు ఇదే.

కానీ ఓవర్‌లోడ్లు ఆబ్జెక్ట్, స్ట్రింగ్ లాంటి తల్లీపిల్లల టైపులైతే ఎనీ() దగ్గర ఎర్రర్ రాదు, నిర్దిష్టమైన స్ట్రింగ్ మెథడ్ చప్పుడు చేయకుండా ఎంపికవుతుంది. ప్రొడక్షన్ కోడ్ పిలిచేది ఆబ్జెక్ట్ మెథడ్ అయితే వెరిఫై విఫలమై, మెథడ్ అసలు పిలవనేలేదని చెబుతుంది. పిలిచినట్టు డీబగ్గర్‌లో కళ్లకి కనిపిస్తూంటే మతిపోతుంది. పేరు ఒకటే అయినా మెథడ్ వేరు.

మాకిటో 5కి మారినవాళ్లు వేరార్గ్స్ సంగతి కూడా చూసుకోవాలి. అక్కడ ఎనీ() ఒక్క ఆర్గ్యుమెంట్‌కే సరిపోతుంది. ఎన్ని వచ్చినా సరేననాలంటే ఎనీ(స్ట్రింగ్[].క్లాస్) రాయాలి.

ల్యాంబ్డాలు, మెథడ్ రెఫరెన్సులు

అసర్ట్‌డజ్‌నాట్‌త్రో(సర్వీస్::రన్) కొన్ని క్లాసులతో పనిచేసి కొన్నింటితో పనిచేయదు. ఆ అసర్షన్‌కి రెండు రూపాలున్నాయి, విలువ ఇవ్వనిది తీసుకునే ఎగ్జిక్యూటబుల్, విలువ ఇచ్చేది తీసుకునే త్రోయింగ్‌సప్లయర్. రన్ అనే పేరుతో సర్వీస్‌లో ఒక్క మెథడే ఉంటే కంపైలర్ దాని రిటర్న్ టైప్ చూసి తేల్చుకుంటుంది. రన్‌కే రెండు ఓవర్‌లోడ్లుంటే ఆ రెఫరెన్స్‌ని ఎంపికలో లెక్కలోకే తీసుకోదు, కాబట్టి తేలదు. రేపెప్పుడో సర్వీస్‌కి రెండో రన్ చేరిస్తే ఈ రోజు పాస్ అవుతున్న టెస్ట్ కంపైల్ కాకుండా పోతుందన్నమాట. () -> సర్వీస్.రన్() అని ల్యాంబ్డాగా (పేరులేని చిన్న ఫంక్షన్‌గా) రాస్తే సరిపోతుంది. ఆర్గ్యుమెంట్లు లేని ల్యాంబ్డా లోపలి పిలుపు కంపైలర్‌కి పూర్తిగా కనిపిస్తుంది. ఎగ్జిక్యూటర్ సర్వీస్‌లోని సబ్‌మిట్‌కి రన్నబుల్, కాలబుల్ మధ్య వచ్చే తగువూ ఇదే, మందూ ఇదే.

ఆర్గ్యుమెంట్ ఉండి టైప్ రాయని ల్యాంబ్డా ఇంకో తలనొప్పి. స్ప్రింగ్‌లో డేటాబేస్ కోసం వాడే జేడీబీసీటెంప్లేట్ క్వెరీకి ఆర్ఎస్ -> ఆర్ఎస్.గెట్‌స్ట్రింగ్(1) ఇస్తే, అది విలువ ఇచ్చే రిజల్ట్‌సెట్ఎక్స్‌ట్రాక్టర్‌గానూ, విలువ ఇవ్వని రోకాల్‌బ్యాక్‌హ్యాండ్లర్‌గానూ సరిపోయేట్టు కనిపిస్తుంది. ఉత్త మెథడ్ పిలుపు కాబట్టి దాని విలువని వదిలేయడమూ చెల్లుతుంది. మీసాల బ్రాకెట్లు పెట్టి లోపల రిటర్న్ రాసేయండి, విలువ ఇవ్వని రూపం పోటీలోంచి తప్పుకుంటుంది.

నల్ అక్షరంగా ఇచ్చినప్పుడు

కన్‌స్ట్రక్టర్‌కి నల్ ఇస్తే సరైన ఎక్సెప్షన్ వస్తోందా అని చూసే టెస్టుల్లో ఇది సాధారణం. న్యూ బిగ్‌డెసిమల్(నల్) కంపైల్ కాదు, స్ట్రింగ్, క్యార్ అరే, బిగ్‌ఇంటిజర్ మూడూ పోటీ పడతాయి. న్యూ ఫైల్(నల్) దగ్గర స్ట్రింగ్, యూఆర్‌ఐ. (స్ట్రింగ్) నల్ అని కాస్ట్ చేయండి. ఒకే టెస్ట్‌లో ఇలాంటివి రెండు మూడు ఉంటే, స్ట్రింగ్ టైప్‌తో లేనిపేరు = నల్ అని వేరియబుల్ పెట్టుకుంటే చదవడానికి తేలిక. పారామీటరైజ్డ్ టెస్టులైతే నల్‌సోర్స్ యానొటేషన్ ఉంది. టైప్ టెస్ట్ మెథడ్ పారామీటర్ నుంచే వస్తుంది కాబట్టి కాస్ట్ అవసరమే రాదు. ఆ పారామీటర్ ప్రిమిటివ్ కాకూడదు, అంతే.

మీ సొంత క్లాస్‌ని టెస్ట్ చేస్తుంటే పదే పదే కాస్ట్‌లు రాయాల్సి వస్తోందా? అప్పుడు టెస్ట్‌ని కాదు, క్లాస్‌ని మార్చండి. ఫైండ్(స్ట్రింగ్), ఫైండ్(ఇంటిజర్) బదులు ఫైండ్‌బైకోడ్, ఫైండ్‌బైఐడీ అని పేర్లు పెడితే ఓవర్‌లోడ్ తగాదా పుట్టనే పుట్టదు. ఇంట్ వేరార్గ్స్ తీసుకునేదీ ఇంటిజర్ వేరార్గ్స్ తీసుకునేదీ ఒకే పేరుతో పక్కపక్కన పెట్టడం మరీ పనికిరాదు, (1, 2) అని పిలిస్తే మూడో విడతలో రెండూ సరిపోయి ఎన్నటికీ తేలదు. టెస్ట్ అనేది ఆ క్లాస్‌ని బయటినుంచి పిలిచే మొదటి మనిషి. ఆ మనిషికి ఎదురైన ఇబ్బంది రేపు మిగతావాళ్లందరికీ ఎదురవుతుంది.

ఎడిటర్‌లో బాగుండి బిల్డ్‌లో పడితే

ఎక్లిప్స్‌కి సొంత కంపైలర్ ఉంది. ఇంటెల్లిజే ఎడిటర్‌లో గీతలు గీసేది దాని సొంత విశ్లేషణ, బిల్డ్ చేసేది మామూలుగా జావాతో వచ్చే కంపైలర్ జావాక్. జెనరిక్ ఇన్ఫరెన్స్ అంచుల్లో ఇవి అప్పుడప్పుడు విభేదిస్తాయి. ఎడిటర్ ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, సీఐలో (బిల్డ్, టెస్టులు తమంతట నడిచే సర్వర్‌లో) నడిచేది జావాక్ కాబట్టి దాని మాటే చెల్లుతుంది. ముందు ఎడిటర్‌లోని లాంగ్వేజ్ లెవెల్, బిల్డ్ టూల్ అయిన మావెన్‌లోని కంపైలర్ రిలీజ్ ఒకటేనా చూడండి. ఎడిటర్ 7 నియమాలతో చదువుతూ మావెన్ 8 నియమాలతో కంపైల్ చేస్తుంటే పైన చెప్పిన జేసన్‌పాత్ లాంటి తేడాలు సహజం.

కంపైల్ అయ్యాక నిజంగా ఏ మెథడ్ ఎంపికైందో అనుమానం మిగిలితే, టెస్ట్ క్లాస్ ఫైల్ మీద, కంపైలైన కోడ్‌ని విప్పి చూపే జావాప్‌ని మైనస్ సీ ఆప్షన్‌తో నడపండి. అసర్ట్‌ఈక్వల్స్ పిలుపు పక్కన బ్రాకెట్లలో ఆర్గ్యుమెంట్ టైపులు ఉంటాయి. అక్కడ రెండు జే అక్షరాలు కనిపిస్తే చిన్న లాంగ్ జత, రెండు డీ అక్షరాలు కనిపిస్తే చిన్న డబుల్ జత, జావా/ల్యాంగ్/ఆబ్జెక్ట్ అని రెండుసార్లు కనిపిస్తే ఆబ్జెక్ట్ జత. ఆ పిలుపుకి పైనే ఇంటిజర్.వేల్యూఆఫ్ అని ఒక లైన్ ఉండి, పోల్చాల్సింది పెద్ద లాంగ్ అయితే ఆ టెస్ట్ ఎప్పటికీ పాస్ కాదు.